దేవస్వభావంలో పాలు: ఏ చర్చి ఏమంటుంది, మనం ఏది పట్టుకోవాలి

మా పెదనాన్న మనవడికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి వాళ్ళు క్యాథలిక్కులు, ఫిరంగిపురం వైపు. మేమేమో మెదక్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంట్ సంఘం) వాళ్ళం. వాడు ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "బాబాయ్, రక్షణ అంటే పాపక్షమాపణ అనుకున్నా ఇన్నాళ్ళు, అక్కడ ఫాదర్ గారేమో దేవుడి జీవంలో పాలు పంచుకోవడం అంటున్నారు, యూట్యూబ్‌లో ఇంకొకాయన థియోసిస్ అంటాడు, మనిషి దేవుడవ్వడం అంటాడు, ఇవన్నీ ఒకటేనా, కాకపోతే నేను ఏది పట్టుకోవాలి" అని అడిగాడు. గంట మాట్లాడినా తెగలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు, చదివింది చూసింది చెప్తా అంతే.

ముందు ఆ మాట సంగతి. అందరూ ఎత్తే వాక్యం ఒకటే, 2 పేతురు 1:4. మన పాత బైబిల్లో "దేవస్వభావమునందు పాలివారగునట్లు" అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ పాలివారు అంటే ఏంటో తెలీక తాగే పాలు అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అది మన ఊళ్ళో రోజూ వాడే మాటే, పాలోళ్ళు. పొలంలో పాలు ఉన్నవాళ్ళు, ఇంట్లో చావొస్తే మనతోపాటు మైల పట్టేవాళ్ళు. భాగస్వామి అంటే బిజినెస్‌లో పార్ట్‌నర్ లాగా రేపు లెక్క తేల్చుకుని వెళ్ళిపోవచ్చు, పాలోడు అలా కాదు, కొట్టుకున్నా పాలోడే. అదే సమయంలో పాలోడు ఇంటికి పెద్ద కాదు, పెద్దాయన పెద్దాయనే. పాలు నిజం, పెద్దరికం వేరు. ఈ రెండిట్లో ఏదో ఒకటి జారిపోయిన చోటే తప్పు బోధలన్నీ పుట్టాయి అని నాకనిపిస్తుంది.

పాలోడు కావాలంటే రెండే దార్లు, ఆ ఇంట్లో పుట్టడం లేదంటే దత్తత రావడం. రోమా 8:15లో "దత్తపుత్రాత్మ" అనే మాట ఉంది కదా, క్రైస్తవ చర్చిలు దాదాపు అన్నీ చెప్పేది అదే, యేసు సొంత కొడుకు, మనం దత్తతకొచ్చినవాళ్ళం. గొడవంతా దాని తర్వాతే. దత్తత అంటే రిజిస్టర్ ఆఫీసులో కాగితం వరకేనా, పెంచిన తండ్రి పోలిక కూడా పిల్లాడిలోకి వస్తుందా, వస్తే ఎప్పుడొస్తుంది, ఎంతొస్తుంది, పిల్లాడు చెడిపోతే పాలు పోతుందా? ఈ నాలుగు ప్రశ్నలు పట్టుకుని ఏ సంఘానికి వెళ్ళినా పది నిమిషాల్లో వాళ్ళెక్కడ నిలబడ్డారో తెలిసిపోతుంది. నేను మా వాడికి చెప్పింది కూడా ఇదే, పెద్ద పెద్ద పేర్లు వదిలెయ్, దత్తత గురించి అడుగు అని.

ఇంకోటి, ఇదేదో యూట్యూబ్‌లో కొత్తగా పుట్టిన బోధ కాదు. రెండో శతాబ్దంలో లియోన్ బిషప్ ఐరేనియస్ చెప్పాడు, నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఇంకా సూటిగా చెప్పాడు, మనం దేవుళ్ళం కావాలనే ఆయన మనిషయ్యాడు అని. అతనాసియస్ తూర్పున ఆర్థడాక్స్ వాళ్ళకీ, పడమర క్యాథలిక్ ప్రొటెస్టెంట్ వాళ్ళకీ ఇద్దరికీ పెద్దే. కీర్తన 82:6లో "మీరు దైవములు" అని ఉంటుంది, యోహాను 10:34లో యేసే ఆ మాట ఎత్తి చూపించాడు. కాబట్టి "దేవుళ్ళవ్వడం అనే మాటే సైతాను బోధ" అని ఎవరైనా గట్టిగా అరిస్తే కొంచెం ఆగమనండి.

ఆర్థడాక్స్ వాళ్ళు

ఈ విషయం మీద ఎక్కువ ఆలోచించింది, ఎక్కువ కొట్టుకుంది వీళ్ళే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. వీళ్ళంటే ముఖ్యంగా గ్రీసు, రష్యా వైపు పాత తూర్పు చర్చిలవాళ్ళు. వీళ్ళకి రక్షణ అంటేనే థియోసిస్, క్షమాపణ అందులో ఒక మెట్టు. జబ్బు నయమవడం లాంటిది అంటారు, కోర్టు తీర్పు లాంటిది కాదు. పాతకాలపు తండ్రులు, అంటే మొదటి శతాబ్దాల చర్చి గురువులు, వాడిన ఉదాహరణ ఒకటుంది, కొలిమిలో పెట్టిన ఇనుము. మన కమ్మరి కొలిమి దగ్గర నిలబడి చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఇనుము ఎర్రగా అవుతుంది, వెలుగిస్తుంది, తాకితే కాలుస్తుంది, అంటే నిప్పు చేసే పనులన్నీ చేస్తుంది, కానీ అది ఇనుమే, నిప్పు అయిపోలేదు, బయటికి తీసి పక్కన పెడితే చల్లారిపోతుంది కూడా.

అయితే దేవుడు మనిషికి అందనివాడు అంటారు, మళ్ళీ దేవుడిలో పాలు అంటారు, రెండూ ఎలా కుదుర్తాయి? ఇదే ప్రశ్న మీద 14వ శతాబ్దంలో పెద్ద గొడవైంది. గ్రీసులో ఆథోస్ కొండ మీద సన్యాసులు ప్రార్థనలో వెలుగు చూస్తున్నామన్నారు, యేసు రూపం మారినప్పుడు తాబోరు కొండ మీద శిష్యులు చూసిన వెలుగే ఇది అన్నారు. ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చిన బార్లామ్ అనే పండితుడు వాళ్ళని ఎగతాళి చేశాడు. వాళ్ళ తరఫున నిలబడింది ఆ సన్యాసుల్లోనే ఒకాయన, గ్రెగరీ పలమాస్. ఆయన చెప్పింది ఏంటంటే దేవుడి స్వరూపం, అంటే ఆయన లోలోపల ఏంటో అది, ఎవరికీ ఎప్పటికీ అందదు, కానీ ఆయన శక్తులు, అంటే ఆయన పని, ఆయన వెలుగు, ఆయన ప్రేమ, ఇవి ఆయన చేసి పంపిన వస్తువులు కావు, ఇవీ దేవుడే, వీటిలో మనకి పాలుంది. సూర్యుణ్ణి పట్టుకోలేం గానీ ఎండలో నిలబడతాం కదా, ఎండ సూర్యుడిదే కదా, అలా అన్నమాట. 1341లో, మళ్ళీ 1351లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చున్న సభలు పలమాస్ వైపే తేల్చాయి. ఇప్పటికీ వాళ్ళ లెంట్‌లో (ఈస్టర్ ముందు ఉపవాస కాలం) రెండో ఆదివారం ఆయన పేరు మీదే.

మనవాళ్ళు ఇది వినగానే "అహం బ్రహ్మాస్మి కదా ఇది" అంటారు. కాదు. అద్వైతంలో రెండు లేవు, ఉన్నది ఒకటే. ఇక్కడ ఇనుము ఇనుముగానే ఉండాలి, లేకపోతే ప్రేమించడానికి ఇంకొకరు ఉండరు. మన వైష్ణవులు చెప్పే సాలోక్యం, సామీప్యం, సారూప్యం, సాయుజ్యంలో సారూప్యం రుచి కొంచెం ఉంటుంది అనుకోవచ్చు, అంతకు మించి లాగొద్దు, రెండు చోట్లా ఒప్పుకోరు.

నేను అమెరికాలో రెండేళ్ళు ఉన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ పక్కన గ్రీక్ ఆర్థడాక్స్ చర్చి ఉండేది. ఒక ఆదివారం ఊరికే వెళ్ళా. రెండు గంటలు నిలబడ్డాను, కాళ్ళు లాగేశాయి, సాంబ్రాణి పొగ, గోడలనిండా బొమ్మలు. సత్ప్రసాదం, అంటే ప్రభువు బల్ల రొట్టె ద్రాక్షరసం, నాకివ్వరు, అది వాళ్ళ సంఘస్తులకే. సరే అని వెనక నిలబడ్డా, చివర్లో ఒక ముసలావిడ వచ్చి గిన్నెలోంచి రొట్టె ముక్క తీసి నా చేతిలో పెట్టింది, ఆశీర్వదించిన రొట్టె, ఇది ఎవరైనా తినొచ్చు అంది. లోపలి బల్ల అందలేదు గానీ ఖాళీ చేతుల్తో పంపలేదు, పలమాస్ చెప్పింది పుస్తకంలో కంటే అక్కడే నాకు బాగా ఎక్కింది.

వీళ్ళ దారి కష్టం, ముందే చెప్తున్నా. బుధ శుక్రవారాలు ఉపవాసం, లెంట్ ఉపవాసం, క్రిస్మస్ ముందు ఉపవాసం, అన్నీ కలిపితే ఏడాదిలో దగ్గర దగ్గర సగం రోజులు మాంసం పాలు గుడ్లు ఉండవు. "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అనే ఒక్క ప్రార్థన మళ్ళీ మళ్ళీ, ఊపిరి పీల్చినట్టు చెయ్యాలి, పక్కన నడిపించే గురువు ఉండాలి. హైదరాబాద్ సికింద్రాబాద్‌లో ఉన్నవి ఎక్కువగా మలయాళీల ఆర్థడాక్స్ పారిష్‌లు, వాళ్ళు గ్రీకు రష్యన్ వాళ్ళతో 5వ శతాబ్దంలోనే విడిపోయిన శాఖ, పలమాస్ వాళ్ళ లెక్కలో లేడు. పేరు ఆర్థడాక్స్ అని ఉంటే అంతా ఒకటే అనుకోకండి, ఈ శాఖలోనే ఈజిప్టు కాప్టిక్ పోప్ మూడో షెనూదా మనిషి దేవుడవ్వడం అనే మాట వాడొద్దని గట్టిగా రాశాడు, వాళ్ళలోనే సన్యాసి మత్తా అల్ మిస్కీన్ ఆ మాటనే నెత్తిన పెట్టుకున్నాడు.

క్యాథలిక్కులు

దత్తత ప్రశ్న వీళ్ళనడిగితే, కాగితంతో పాటే పోలిక కూడా లోపలికి వస్తుంది అంటారు, జ్ఞానస్నానం రోజే. మనం కృప అనేదాన్ని వాళ్ళు వరప్రసాదం అంటారు, మాట తేడా కాదు, అర్థమూ కొంచెం తేడానే. మనకి కృప అంటే ముఖ్యంగా దేవుడు మన మీద చూపే దయ, వాళ్ళకి అది ఆత్మలో నిలిచి ఉండే ఒక వరం కూడా, మనిషిని లోపలినుంచి మార్చేది. 13వ శతాబ్దంలో వాళ్ళ పెద్ద పండితుడు థామస్ అక్వైనస్ వరప్రసాదం అంటే దేవస్వభావంలో పాలు అనే రాశాడు. ఆర్థడాక్స్ వాళ్ళకి ఇక్కడే పేచీ, ఆత్మలో ఉండే వరం దేవుడు సృష్టించినది అయితే మనకి దక్కింది దేవుడా, దేవుడిచ్చిన వస్తువా అని అడుగుతారు. క్యాథలిక్కులు, అలా విడదీయకండి, పరిశుద్ధాత్మే వచ్చి ఉంటాడు, ఆయన రాకతో మనలో కలిగే మార్పే ఆ వరం అంటారు. నాకు ఈ జవాబు పర్లేదనిపిస్తుంది.

చివరికి ఏం దొరుకుతుంది అన్నదాంట్లో తేడా ఇంకా పెద్దది. పన్నెండో బెనెడిక్ట్ పోప్ 1336లో తేల్చి చెప్పాడు, పరలోకంలో పరిశుద్ధులు దేవుడి స్వరూపాన్నే ముఖాముఖి చూస్తారని. ఆర్థడాక్స్ వాళ్ళు స్వరూపం ఎప్పటికీ అందదు అంటారు కదా, చూడండి, దాదాపు అదే కాలం, రెండు చివర్లు.

మా ఆవిడా క్యాథలిక్కే, కాబట్టి పూజకి, అంటే వాళ్ళ మాస్‌కి, చాలాసార్లు వెళ్ళా. పదేళ్ళు చూసినా గమనించని విషయం ఒకటి ఆవిడే చూపించింది. కానుకలప్పుడు ఫాదర్ గారు గిన్నెలో ద్రాక్షరసం పోశాక చిన్న సీసాలోంచి ఒకే ఒక్క చుక్క నీళ్ళు కలుపుతారు. కలుపుతూ లోలోపల ఒక ప్రార్థన చెప్తారు, మన మానవత్వంలో పాలుపంచుకోవడానికి తగ్గి వచ్చిన క్రీస్తు దైవత్వంలో ఈ నీళ్ళు రసం మర్మం ద్వారా మేమూ పాలుపొందాలి అని. మనకి వినపడదు, మెల్లగానే చెప్పాలి. ఆ నీళ్ళ చుక్క మనం. ఒకసారి కలిశాక తిరిగి తియ్యలేరు. నాకు తెలిసి ఈ సిద్ధాంతం మొత్తం ఒక్క చేతి కదలికలో కనపడేది అక్కడే.

మరి పాలు పోతుందా అంటే పోతుంది, తెలిసి, కావాలని పెద్ద పాపం చేస్తే వరప్రసాదం పోతుంది, పాపసంకీర్తనంలో తిరిగి దొరుకుతుంది. పోయేనాటికి పూర్తిగా శుద్ధి కాకపోతే ఉత్తరించు స్థలం. అంటే లెక్క స్పష్టంగా ఉంటుంది. కొందరికి అదే ధైర్యం, కొందరికి అదే భయం.

లూథరన్లు, కాల్విన్ వాళ్ళు

లూథరన్లంటే 16వ శతాబ్దంలో క్యాథలిక్ చర్చి నుంచి విడిపోయిన మార్టిన్ లూథర్ దారివాళ్ళు. గుంటూరులో 1842లో హయ్యర్ దొర అనే మిషనరీ మొదలుపెట్టిన పని వల్ల మన దగ్గర లూథరన్లు బాగానే ఉన్నారు. నా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు ఆ సంఘమే, వాడి మాటల్లో చెప్పాలంటే "కాగితం ముందు, మిగతావన్నీ తర్వాత". దేవుడు మనల్ని నీతిమంతుడిగా తీర్చేది మనలో కనపడే మార్పు చూసి కాదు, క్రీస్తు నీతిని మన పేరు మీద రాసి. మార్పు వస్తుంది, రావాలి, కానీ రక్షణ నిలబడేది దాని మీద కాదు. 1550 ప్రాంతంలో ఒసియాండర్ అనే లూథరన్ బోధకుడు, కాదు కాదు మనలో నివసించే క్రీస్తు దైవత్వమే మన నీతి అన్నాడు. మిగతావాళ్ళంతా కలిసి ఆయన్ని కొట్టిపారేశారు, 1577లో వాళ్ళ ఒప్పుకోలు పత్రంలో కూడా ఎక్కింది. అప్పట్నుంచి ఈ టాపిక్ అంటేనే లూథరన్లకి భయం.

కథ అక్కడ ఆగలేదు. 1970ల్లో ఫిన్లాండ్ లూథరన్లు రష్యన్ ఆర్థడాక్స్ వాళ్ళతో కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు, హెల్సింకీ యూనివర్సిటీ ప్రొఫెసర్ తూమో మన్నెర్మా మళ్ళీ లూథర్ రాతలు తిరగేసి, అయ్యా, విశ్వాసంలోనే క్రీస్తు స్వయంగా ఉన్నాడని లూథరే అన్నాడు కదా, కాగితం ఇచ్చేవాడే ఇంట్లోకి వచ్చేశాడు కదా అన్నాడు. జర్మన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు, ఇప్పటికీ వాదనే. 1999 అక్టోబర్ 31న ఔగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ క్యాథలిక్కులూ నీతిమంతులుగా తీర్చబడడం మీద ఒక ఉమ్మడి పత్రం మీద సంతకాలు పెట్టారు, 2006లో మెథడిస్టులు కూడా దాంట్లో చేరారు. తేడాలు పోలేదు గానీ మన తాతల కాలంలో ఉన్నంత దూరం లేదు.

లూథర్ తర్వాతి తరం ప్రొటెస్టెంట్ పెద్ద కాల్విన్ సంగతి రెండు ముక్కల్లో. చాలామంది ఆయన దీనికి పూర్తి వ్యతిరేకం అనుకుంటారు గానీ ఇదే పేతురు వాక్యం మీద రాస్తూ, సువార్త ఉద్దేశం మనల్ని దేవుడిలా చెయ్యడమే, అలా అనొచ్చంటే దైవాలుగా చెయ్యడమే అన్నాడు. వెంటనే బ్రేక్ వేశాడు, స్వభావం అంటే గుణం, స్వరూపం కాదు అని. పాలు పోతుందా అంటే, నిజంగా దత్తత అయినవాణ్ణి దేవుడు వదలడు అంటారు.

మా మెథడిస్టు పెద్దాయన

ఇది మా ఇంటి సంగతి. మెదక్ చర్చి వెస్లియన్ మిషనరీలు కట్టింది, 1947లో సీఎస్ఐలో కలిశాం గానీ మూలం అదే. మెథడిస్టులకి మూలమైన ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ గుండె వెచ్చనైందని చెప్పుకున్న రోజు 1738 మే 24. ఆ రోజు పొద్దున ఐదింటికి ఆయన బైబిల్ తెరిస్తే కళ్ళబడిన వాక్యం ఏదో తెలుసా, ఈ 2 పేతురు 1:4 వాక్యమే. ఆయనే డైరీలో రాసుకున్నాడు. సాయంత్రం జరిగింది అందరూ చెప్తారు, పొద్దున సంగతి ఎవరూ చెప్పరు. నేను పుట్టి పెరిగిన సంఘంలో ముప్పై ఏళ్ళలో దీని మీద ఒక్క ప్రసంగం కూడా వినలేదు, కానుకల గురించి మాత్రం వందసార్లు విన్నా, సరే వదిలేయండి.

వెస్లీ లెక్కలో కాగితం నిజమే, కానీ కాగితం దగ్గర ఆగినవాడు గడప దగ్గరే కూర్చున్నట్టు. ప్రేమ మనిషిని పూర్తిగా నింపే దాకా పరిశుద్ధత పెరగాలి, అది ఈ జన్మలోనే సాధ్యం అన్నాడు. వెనక్కి జారిపోవడం కూడా సాధ్యమే అన్నాడు. ఇందులో ప్రమాదం ఏంటంటే "నాకు పూర్తి పరిశుద్ధత వచ్చేసింది" అని సాక్ష్యం చెప్పేవాళ్ళు తయారవుతారు, అలాంటాయన ఇంట్లో వాళ్ళావిడ మొహం చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

పెంతెకొస్తు వాళ్ళలో పరిశుద్ధాత్మ బాప్తిస్మం, లోపల జరిగే పని, ఇవన్నీ బలంగా ఉంటాయి, చాలావరకు వెస్లీ వేరు నుంచి వచ్చినవే. కానీ అక్కడక్కడా స్టేజీల మీద "నువ్వు చిన్న దేవుడివి, నోటితో పలుకు, కారు వస్తుంది" అనేది వినిపిస్తుంది, అది థియోసిస్ కాదు. పాలు అడిగేది పెద్దాయన గుణంలో, పెద్దాయన బీరువాలో కాదు.

మోర్మన్ల సంగతి వేరు

మోర్మన్లు, అంటే లాటర్ డే సెయింట్స్ వాళ్ళు కూడా మనిషి దేవుడిలా అవుతాడు అంటారు కాబట్టి కొందరు ఆర్థడాక్స్ తోటి కలిపేస్తారు. దత్తత ప్రశ్న అడగండి, తేడా వెంటనే బయటపడుతుంది. వాళ్ళ ప్రకారం మన ఆత్మలు మొదట్నుంచీ పరలోక తండ్రి పిల్లలే, దేవుడూ మనిషీ ఒకే జాతి. 1844 ఏప్రిల్ 7న వాళ్ళ సంఘం మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్ ఇచ్చిన ప్రసంగంలో దేవుడే ఒకప్పుడు మనలాంటివాడు అన్నాడు. అతనాసియస్ లెక్కలో సృష్టికర్తకీ సృష్టికీ మధ్య ఉన్న గట్టు ఎప్పటికీ చెరగదు, ఇక్కడ ఆ గట్టే లేదు. ఇది మంచిదా చెడ్డదా అని పక్కన పెట్టినా, రెండూ ఒకటి మాత్రం కాదు. వాళ్ళ బాప్తిస్మం చెల్లదని క్యాథలిక్ చర్చి 2001లో చెప్పింది, వాళ్ళు కూడా మన బాప్తిస్మం ఒప్పుకోరు.

మరి ఏది పట్టుకోవాలి

నా అభిప్రాయం చెప్తా, తిట్టుకోకండి. రాత్రిళ్ళు నిద్రపట్టక "నేను క్షమించబడ్డానా లేదా" అని కుమిలిపోయే మనిషైతే ముందు లూథరన్ల మాట వినండి, అలాంటివాడికి కొలిమి గురించి చెప్తే ఇంకా భయపడతాడు. క్షమాపణ మీద ఏ అనుమానం లేదు, ఇరవై ఏళ్ళుగా రక్షించబడ్డానంటున్నా కోపం అలాగే ఉంది, అసూయ అలాగే ఉంది, ఏమీ మారలేదు అనే బాధైతే వెస్లీ దగ్గరికో ఆర్థడాక్స్ తండ్రుల దగ్గరికో వెళ్ళండి. చేతికి తగిలేది, కంటికి కనపడేది, ఒక క్రమం, తప్పు చేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియడం, ఇవి కావాలంటే క్యాథలిక్ దారి. మాటల ఎత్తు చూసి మాత్రం ఎంచుకోవద్దు, "దేవుడవ్వడం" అనేది వినడానికి గొప్పగా ఉంటుంది, ఆ చర్చిలో ఎక్కువసేపు చేసేది మాత్రం "పాపినైన నన్ను కరుణించు" అనడమే.

నేను ఎక్కడున్నానంటే, సభ్యత్వం సీఎస్ఐలోనే, పొద్దున ప్రార్థన ఆర్థడాక్స్ వాళ్ళది, ఆదివారం ఒక్కోసారి మా ఆవిడతో పూజకి. ఇలా కలగాపులగం చేసుకోవడం మూడు వైపులా ఎవరికీ నచ్చదు, నాకు తెలుసు.

మా వాడికి మాత్రం విడిగా చెప్పాల్సింది ఉంది. క్యాథలిక్ అమ్మాయిని చేసుకోవాలంటే నువ్వు మారక్కర్లేదురా, బిషప్ గారి అనుమతి తీసుకోవాలి, పిల్లల్ని క్యాథలిక్కులుగా పెంచడానికి తన చేతనైనంత చేస్తానని అమ్మాయి మాటిస్తుంది, ఆ మాటిచ్చినట్టు నీకు తెలియాలి, అంతే. నీ సీఎస్ఐ బాప్తిస్మాన్ని వాళ్ళు ఒప్పుకుంటారు, మళ్ళీ ఇవ్వరు. సత్ప్రసాదం మాత్రం మామూలుగా నీకివ్వరు, దాని గురించి పెళ్ళిరోజు మొహం మాడ్చుకోవద్దు.

పెళ్ళి జనవరిలో. ఇంకా ఏదీ తేల్చుకోలేదు వాడు. పోయిన ఆదివారం అమ్మాయి వాళ్ళతో పూజకెళ్ళి, నీళ్ళు కలిపేటప్పుడు చూద్దామని మూడో వరసలో కూర్చున్నాడట. "చుక్క కనపడింది బాబాయ్, ఫాదర్ పెదాలు కదిలాయి, ఒక్క ముక్క వినపళ్ళా" అన్నాడు.